నలభై రెండు గొంతుల పాట

చలి మొదలైన మొదటి శనివారం పొద్దున దైవాశీర్వాదం కూతురి కారు టైర్లలో గాలి కొట్టాడు. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతోందని ముందు రోజు అన్నం తింటూ షారన్ ఒక మాట అంది, అంతే. ఆయన పొద్దున్నే లేచి, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, చిన్న కంప్రెసర్ పట్టుకుని డ్రైవ్‌వేలోకి దిగాడు. నాలుగు టైర్ల దగ్గరా నాలుగుసార్లు కూర్చుని లేచాడు. లేచిన ప్రతిసారీ కారు మీద చెయ్యి ఆనించాడు. షారన్ వంటింటి కిటికీలోంచి చూసింది. చూసి, కాఫీ కలుపుకుంది.

"ముప్ఫై అయిదు పెట్టాను నాన్నా. ముందు ఎడమది మళ్లీ దిగుతుందేమో, సోమవారం ఓసారి చూసుకో" అంటూ లోపలికి వచ్చి సోఫాలో కూర్చుని బూట్ల లేసులు విప్పబోయాడు. ఒక బూటు విప్పాడు. రెండోది విప్పలేదు.

అంబులెన్స్ తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. అమెరికాలోని బెంటన్‌విల్ అనే ఆ చిన్న ఊళ్లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా తొమ్మిది నిమిషాలే. ఆయనకు అరవై ఏళ్లు.

ఆ ఊళ్లో ఆయన పంతొమ్మిదేళ్లు ఉన్నాడు. దుకాణాల్లో బిల్లు కొట్టే యంత్రాల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం ఆయన ఉద్యోగం. తొందరలో ఉన్న క్యాషియర్ ఎన్ని రకాలుగా తప్పు బటన్ నొక్కగలదో అన్ని రకాలుగానూ రోజంతా నొక్కేవాడు. "నాకు జీతం ఇచ్చేది తప్పులు చెయ్యడానికే" అని కొత్తగా వచ్చిన పిల్లలతో అనేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తప్పు మీట మీద వేలు పడేది కాదు. అమెరికన్ల చర్చి ఒకదాని వెనక హాలు అద్దెకు తీసుకుని నడిపే తెలుగు సంఘంలో కీబోర్డు ఆయనదే. పాట ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా రెండో మాటకల్లా అందుకునేవాడు.

ఆయన తండ్రి సత్యానందం రేపల్లె దగ్గర ఒక మిషన్ ఆసుపత్రి పేటలో ఉపదేశిగా పనిచేశాడు. రోగుల మంచాల పక్కన ప్రార్థన చెయ్యడం, చనిపోయిన వాళ్లని పాతిపెట్టడం ఆయన పని. దైవాశీర్వాదం పుట్టక ముందు వాళ్లకో ఆడపిల్ల పుట్టి పదకొండు నెలలకే పోయింది. ఆ బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం సత్యానందం ఒక పాట కట్టాడు. అది పేట దాటింది, ఊరు దాటింది. బాపట్ల, చీరాల వైపు ఏ క్రైస్తవుల ఇంట్లో శవం లేచినా ఆ పాట పాడకుండా లేవదు. మంచి శుక్రవారం నాడు మూడు గంటలకు కూడా అదే పాట. నెమ్మదిగా నడుస్తుంది. మూడో లైనులో పైకి వెళ్లి, అక్కడ ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగి, ఒక్కో మెట్టూ దిగుతుంది. ఆ ఆగిన చోటే ఆడవాళ్లు ఏడుస్తారు.

బెంటన్‌విల్‌లోనూ ఏటా ఆ పాట వాయించే ముందు దైవాశీర్వాదం మైకు దగ్గరకు వంగి ఒకే మాట చెప్పేవాడు. "ఇది మా నాన్నగారు ఒక బిడ్డను నేలకిచ్చి తెచ్చుకున్న పాట." వెనక వరసలో పిల్లలు ఆయనతో పాటు పెదవులు కదిపి నవ్వుకునేవాళ్లు. చిన్నప్పుడు షారన్ కూడా కదిపింది.

ఆయన పోయిన ఏడాది మంచి శుక్రవారం ఆరాధనను సంఘం వాళ్లు వీడియో తీసి నెట్‌లో పెట్టారు. పెట్టింది షారనే. సోమవారం ఆ వీడియో సైట్ నుంచి మెయిల్ వచ్చింది. మీ వీడియోలో పద్నాలుగో నిమిషం దగ్గర ఉన్న స్వరం ఫలానా పాటది, దాని హక్కుదారు క్లెయిమ్ చేశారు అని.

పక్క ఆదివారం ఆరాధన అయ్యాక, రేకు ట్రేల్లో బిర్యానీ ఇంకా మూతలు తియ్యకుండానే, సంఘం కార్యదర్శి షాలేం రాజు ఆ మెయిల్ గట్టిగా చదివాడు. నలభై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు, గ్రీన్‌కార్డ్ లైన్లో పదకొండో ఏడు. 'క్లెయిమ్' అన్న మాటను రెండుసార్లు చదివాడు.

"ఇదేదో రాక్ అండ్ రోల్ పాటంట అంకుల్. నైన్టీన్ ఫిఫ్టీ సెవెన్‌ది."

"ప్లే చెయ్యండి మరి, విందాం" అంది పదిహేడేళ్ల ఎలీనా. ఎవరూ సరేననకముందే తనే ఫోన్లో పెట్టేసింది.

డ్రమ్ము, గిటారు, ఆ వెనక పరిగెత్తుకొచ్చినట్టు ఒక కుర్రవాడి గొంతు. డాన్సు హాలు బయట నిలబడి, లోపలున్న పిల్ల తనకోసం బయటికి వస్తుందా రాదా అని పాడుతున్నాడు. రెండున్నర నిమిషాల పాట. ఇద్దరు ముగ్గురి కాళ్లు వాటంతటవే తాళం వేశాయి. మూడో లైనుకు వచ్చేసరికి ఆ కుర్రవాడు పైకి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, మెట్లు దిగాడు. కాళ్లు ఆగిపోయాయి. ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

దైవాశీర్వాదం కదలకుండా విన్నాడు. "ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు. రెండోసారి విని, "మా పేటలో కరెంటే లేదయ్యా" అన్నాడు షాలేం రాజుతో. "రేడియో ఎవడింట్లో ఉంది, ఆయన వినడానికి?"

"ఎక్కడో విని ఉంటారు అంకుల్. నేను తప్పు అనడం లేదు. కానీ ఇది లీగల్ మేటర్. ఇక్కడ ఇరవై ఫ్యామిలీలు హెచ్‌వన్ వీసా మీద ఉన్నాయి. రేపు ఫారంలో 'ఎనీ వయొలేషన్స్' అని అడుగుతాడు. ఏం రాయాలి?"

"అంకుల్, ఇది కేస్ కాదు. యాడ్స్ మనీ వాళ్లకి వెళ్తది, దట్స్ ఇట్" అంది ఎలీనా. "మా స్కూల్ బ్యాండ్‌కి ఫోర్ టైమ్స్ వచ్చింది. ఈ సాంగ్‌కి ఆల్రెడీ చాలా కవర్స్ ఉన్నాయి. మనది కూడా ఒక కవర్, సో వాట్?"

"నీకేంటమ్మా, ఇక్కడే పుట్టావు, నీది బ్లూ పాస్‌పోర్ట్" అన్నాడు షాలేం రాజు. అందరూ నవ్వారు. నవ్వుతూనే వీడియో తీసెయ్యాలని తీర్మానించారు. అక్కడే ఫోన్లోంచి తీసేసింది షారన్. మెయిల్ రెండో పేరాలో ఎలీనా చెప్పిన ముక్కే ఉందని షారన్ చాలా రోజుల తర్వాత గాని చూసుకోలేదు.

ఆమె భయం ఆమెది. ఎనిమిదో ఏట ఆ ఊరికి వచ్చింది. ఇరవై ఒకటి నిండిన రోజున, పిల్లల వయసు దాటిందని, తండ్రి గ్రీన్‌కార్డ్ ఫైల్లోంచి ఆమె పేరు దానంతటదే రాలిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకు ఆయనకు కార్డు వచ్చింది. భార్య జ్ఞానమ్మకూ వచ్చింది. షారన్‌కు మాత్రం స్టూడెంట్ వీసా, ఆపై హెచ్‌వన్, మూడేళ్లకోసారి కొత్త కాగితం. కార్డులు వచ్చిన రోజు దైవాశీర్వాదం కవరు పూర్తిగా విప్పకుండానే సొరుగులో పెట్టి, "పులిహోర చెయ్యకు" అన్నాడు భార్యతో.

తండ్రీ కూతుళ్లు ఒకే కారులో ఆఫీసుకి వెళ్లేవాళ్లు. ఎలీనా అన్న మాట ఆయన తలలో దూరింది. ఆ పాటను ఇంకా ఎవరెవరు పాడారో వెతకడం మొదలుపెట్టాడు. ఎన్ని దొరికితే అన్ని కారులో వినడం, మధ్యాహ్నం భోజనాల వేళ వాటిని ఒక షీట్‌లో ఎక్కించడం. ఏ సంవత్సరం, ఏ శ్రుతి, ఎంత వేగం, మూడో లైనులో ఆగాడా లేదా. సాఫ్ట్‌వేర్ తప్పులు రాసుకునే పద్ధతే. ఆఖరి గడిలో పాస్ అనో ఫెయిల్ అనో రాసేవాడు.

"డాడీ, ఇంకోటా?" అనేది షారన్.

"ఇది ఇంగ్లండ్ వాళ్లది నాన్నా. అరవై నాలుగు. విను, ఎంత తొందరో. రైలు వెళ్లిపోతున్నట్టు పాడతారు."

ఒక రోజు ఉక్కు తీగ గిటారు మీద కౌబాయ్ టోపీల వాళ్లు. ఇంకో రోజు గొంతు చించుకుని అరిచే బ్యాండు. "వీడు పాడుతున్నాడా, పొలంలోంచి గేదెల్ని తోలుతున్నాడా?" అని ఆయనే నవ్వాడు. బట్టల సబ్బు ప్రకటనకు వాడిన ముప్ఫై సెకన్ల ముక్క కూడా ఎక్కించాడు. మూడో లైను దాకా రాలేదు కాబట్టి ఫెయిల్.

ఆయన వెతుకుతున్నదేమిటో షారన్‌కు నెమ్మదిగా అర్థమైంది. ఆయనకు కావలసింది యాభై ఏడు కంటే ముందున్న ఒక్క గొంతు. ఈ స్వరం ఆ కుర్రవాడి కంటే ముందే గాలిలో ఉందని ఎక్కడైనా తేలితే, అది వాళ్ల నాన్న చెవికి వేరే దారిలో వచ్చి ఉండొచ్చు. లేదా వాళ్ల నాన్న పాటే యాభై ఏడు కంటే ముందుదైతే ఇక గొడవే లేదు. అందుకు చనిపోయిన ఆ పసిబిడ్డ తేదీ కావాలి. రేపల్లెలో ఉన్న తన పెదనాన్న కూతురు జ్ఞానప్రసూనకు స్పీకర్లో ఫోన్ చేశాడు.

"అక్కా, నాకంటే ముందు పుట్టిన ఆ పసిబిడ్డ పోయింది ఏ సంవత్సరమే?"

"ఇన్నాళ్లకు ఆ పిల్ల గుర్తొచ్చిందేంట్రా నీకు? నాకప్పుడు ఏడో ఎనిమిదో. గాలివానకు ముందా, వెనకా... ఆ సమాధికి రాయి కూడా వెయ్యలేదు కదరా మీ నాన్న. ఉపదేశికి రాయెక్కడిది?"

"కాగితం ఏదైనా ఉందేమో చూడవే."

"మోకాళ్లు వంగట్లేదు తమ్ముడూ. అటక ఎక్కే మనిషి దొరికితే చూపిస్తాలే."

ఒక సాయంత్రం ఇంటికి వస్తూ ఆయన కారును మందుల షాపు ముందు పార్కింగ్‌లోకి తిప్పి ఆపేశాడు. స్పీకర్లో ఒక నల్లజాతి ఆవిడ పాడుతోంది. డ్రమ్ము లేదు, ఒక్క ఆర్గన్. పల్లవిలో పిల్ల రావాల్సిన చోట ప్రభువు రావాలని మార్చుకుంది. ఎంత నెమ్మదిగా అంటే, మూడో లైనులో ఆగినప్పుడు పాట అయిపోయిందేమో అనుకుంది షారన్.

"ఇది మా నాన్న పాట" అన్నాడాయన. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏ సంవత్సరం ఉందో చూడు."

షారన్ చూసింది. "సెవెంటీ వన్, డాడీ."

ఆయన తల ఊపాడు. ఆ రాత్రి ఆ వరసలో పాస్ అనీ రాయలేదు, ఫెయిల్ అనీ రాయలేదు. అది నలభై రెండోది. ఆ తర్వాత షీట్ పెరగలేదు.

జూన్‌లో షారన్ హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ వెయ్యాల్సి వచ్చింది. అదే వారం షాలేం రాజు ఫోన్ చేశాడు. వీడియో తీసేస్తే సరిపోదట, తమ బంధువు ఎవరో లాయర్ దగ్గర పనిచేసే మనిషిని అడిగాడట, సంఘం తెలియక చేసిందని రికార్డు ఉండాలట. "అంకుల్ చేత ఒక లెటర్ సైన్ చేయించు సిస్టర్. ఫైల్లో పెట్టుకుంటాం. అప్‌లోడ్ చేసింది నీ అకౌంట్ నుంచి కదా, నీకే సేఫ్" అన్నాడు. చెడ్డ మనిషి కాదు. దైవాశీర్వాదానికి కంటి ఆపరేషన్ అయినప్పుడు రెండు వారాలు ఆఫీసుకి దింపింది అతనే.

ఉత్తరం షారనే టైప్ చేసింది. నాలుగు వాక్యాలు. వంటింటి బల్ల మీద తండ్రి ముందు పెట్టింది. ఆయన వేలు పెట్టుకుని చదివాడు. రెండో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"'ఈ బాణీని మా తండ్రి కీర్తిశేషులు సత్యానందం తన సొంతమని చెప్పుకున్నారు.' ఇలా రాయాలా నాన్నా?"

"అలా ఉంటేనే మనకి తెలియక పాడాం అని ప్రూవ్ అవుతుంది డాడీ."

"చెప్పుకున్నాడో లేదో నాకు గుర్తు లేదమ్మా. నేను చెప్పాను. ఆయన పోయేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు."

"అంటే... ఆయన చెప్తేనే కదా మీకు తెలిసింది?"

పొయ్యి దగ్గర నుంచి జ్ఞానమ్మ ఇటు తిరిగింది. "మావయ్య గారిని దొంగను చేస్తారా ఏంటండీ, మట్టిలో ఉన్న మనిషిని? ఆ పాట పెట్టే కదా మా అమ్మను సాగనంపింది!"

"ఊరుకో" అన్నాడాయన. తర్వాత కూతురి వైపు చూసి, "నీ పేపర్లు ఎప్పుడు వేస్తున్నారు?" అని అడిగాడు.

"థర్స్‌డే."

"పెన్ను ఇవ్వు."

సంతకం చేసి, ఉత్తరం మడతపడకుండా రెండు వేళ్లతో ఆమె వైపు తోశాడు. "కూర మాడుతోంది చూడు" అన్నాడు భార్యతో. మాడటం లేదు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు కీబోర్డు వాయించాడు. ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అందులో. మైకు దగ్గరకు మాత్రం వంగలేదు. కారులో ట్రాఫిక్ వార్తలు పెట్టేవాడు, ట్రాఫిక్కే లేని ఊళ్లో. జ్ఞానప్రసూన రెండుసార్లు ఫోన్ చేస్తే, "ఆ తేదీ ఇక అక్కర్లేదులే అక్కా" అన్నాడు. ఒకసారి మాత్రం, ఆగస్టులో, ఆఫీసు పార్కింగ్‌లో సీటు బెల్టు తీస్తూ, దేనికీ సంబంధం లేకుండా అన్నాడు. "మా నాన్న శవాలు పాతిపెట్టే మనిషమ్మా. ఆయనకు ఒక పాట దొంగిలించే అవసరం ఏమొచ్చింది?" షారన్‌కు అప్పటికే మీటింగ్ ఆలస్యమవుతోంది. "లీవ్ ఇట్ డాడీ" అంది. ఎక్స్‌టెన్షన్ ఆ వారమే అప్రూవ్ అయ్యింది.

ఆయన పోయిన శనివారం తర్వాత మంగళవారం భూస్థాపన జరిగింది. ఇండియాలో బంధువులు చూడటానికి లైవ్ పెట్టారు. రేపల్లెలో రాత్రి పదిన్నరకు జ్ఞానప్రసూన ఇంట్లో పాతికమంది ఒక టీవీ ముందు కూర్చున్నారు. పెట్టె మూసే ముందు జ్ఞానమ్మ షాలేం రాజు చెయ్యి పట్టుకుంది.

"పాట పాడండి నాయనా."

అతను కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. షారన్ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "సిస్టర్, లైవ్ నడుస్తోంది. మధ్యలో క్లెయిమ్ పడితే స్ట్రీమ్ కట్ అవుతుంది. మళ్లీ నీ అకౌంటే. నువ్వు ఎలా అంటే అలా."

ఎలా అంటే అలా అని అతను నిలబడ్డాడు. కెమెరా వెనక చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. షారన్ తల్లి ముఖం చూడకుండా, "వేరేది పాడండి అన్నా" అంది.

వేరేది పాడారు. మంచి పాటే. సగంమందికి రెండో చరణం రాదు, ఫోన్లలో చూసి పాడారు. జ్ఞానమ్మ పెదవులు కదల్లేదు. పెట్టె గోతిలోకి దిగుతున్నప్పుడు ఆవిడ ఒక్కతే, గాలి వదిలినంత సన్నగా, ఆ పాట మొదటి లైను ఎత్తుకుంది. మూడో లైను దాకా వెళ్లలేకపోయింది.

రేపల్లె నుంచి ఆ రాత్రే మెసేజ్ వచ్చింది. "తమ్ముడికి పాట ఎందుకు పాడలేదు?" షారన్ దానికి బదులు రాయలేదు. ఏం రాయాలో ఆలోచిస్తూనే డిసెంబరు వచ్చింది.

క్రిస్మస్‌కు సున్నం వేయించడానికి జ్ఞానప్రసూన ఇంట్లో అటక మీది సామాను దింపించారు. ఒక పొద్దున షారన్ ఆఫీసులో ఉండగా మూడు ఫోటోలు వచ్చాయి. వాటి కింద ఆవిడ మాట రికార్డు చేసి పంపింది. "మీ నాన్న అడిగిన తేదీ దొరికిందమ్మా. వద్దన్నాడు గానీ, దొరికింది కదా అని పంపుతున్నా."

అట్టలేని నోటుబుక్కు. సత్యానందం రాత గుండ్రంగా, ఉపదేశులకు నేర్పే రాతలా ఉంది. పాట కింద తేదీ పంతొమ్మిది వందల అరవై ఒకటి, మార్చి పదహారు. యాభై ఏడు తర్వాత నాలుగేళ్లు. తండ్రి ఉంటే ఈ గడిలో ఫెయిల్ అని రాసేవాడని అనుకుని షారన్ ఫోటోను మూసెయ్యబోయింది. మూసే ముందు పైభాగం కనిపించింది. వేరే పాటకు పదాలు కట్టినప్పుడు ఆ పాట ఏదో పైన రాసుకోవడం పాత ఉపదేశుల అలవాటు. అచ్చు వేసేవాళ్లు చోటు చాలదని ఆ లైను తీసేసేవాళ్లు. ఈ పాట నెత్తిన, సిరా గోధుమ రంగుకు తిరిగిన అక్షరాలతో, ఆ లైను ఉంది.

"వరస: ఆసుపత్రి నర్సు దొరసాని గారి గ్రామఫోనులోని అమెరికా పాటది. బిడ్డ జబ్బులో ఉండగా ఆమె దయతో దినమూ వినిపించినది. బిడ్డ దీనికి నవ్వేది. స్వరము నాది కాదు."